రానివాళ్ళ చోటు

మదనపల్లెలో డాన్స్ మాస్టర్ కిషోర్ అంటే తెలియని ఇల్లు లేదు. కదిరప్ప అంటే మాత్రం ఎవరికీ తెలియదు. ఇద్దరూ ఒకటే మనిషి. బడిపిల్లల యానివర్సరీలకు డాన్సులు నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో, కదిరప్ప అని బోర్డు పెడితే పిల్లల్ని ఎవరు పంపుతారప్పా అని నేనే ఆ పేరు మార్పించాను. నాది మైక్ సెట్ అంగడి. నా బోర్డుకు తెచ్చిన రంగులో మిగిలిన దానితోనే ఆయన బోర్డు రాయించాను. కొత్త పేరు నచ్చిందో లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎవరు ఏమని పిలిస్తే దానికి పలకడం ఆయన పద్ధతి.

ఆయనది వాల్మీకిపురం తట్టు మెట్టపొలాల ఊరు. వేరుశనగ పండించుకునే ఇల్లు. ఒక అన్న ఉన్నాడు, అక్కచెల్లెళ్ళు లేరు. ఇంటర్ తప్పిన ఏడాది రికార్డ్ డాన్స్ ట్రూపులో చేరి జాతరల్లో ఎగిరాడు. నలుగురు రైతులు మర్యాదగా చూసే ఇంట్లోని పిల్లవాడు ముఖానికి రంగు పూసుకుని ఊరూరా ఎగురుతుంటే ఆ ఇంట్లోవాళ్ళు ఏమంటారో మీకు చెప్పనక్కర్లేదు. గడప తొక్కవద్దని అన్న కబురు చేశాడు. ట్రూపు చెదిరిపోయాక, తొంభై మూడులోనో నాలుగులోనో, మదనపల్లె చేరి నీరుగట్టువారిపల్లెలో గది బాడుగకు తీసుకున్నాడు. చుట్టూ పట్టుచీరల మగ్గాలు. పొద్దున లేచినప్పటి నుంచి ఆ చప్పుడే. తాళం వెతుక్కునే పని లేదు, ఇల్లే తాళం వేస్తుంది అని నవ్వేవాడు.

తల్లి పోయిన సంగతి ఆయనకు దినాలన్నీ అయిపోయాక తెలిసింది. టమోటా మండీకి వచ్చిన వాళ్ళ ఊరి మనిషి ఒకడు నా అంగడి ముందు కనపడి, మాటల్లో మాటగా చెప్పాడు. కిషోర్ విని, ఆ మనిషికి కాఫీ తెప్పించి తాగించి పంపి, తరువాత నా అంగడిలో పాత స్పీకర్ బాక్సు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. పెళ్ళి సంబంధం కోసం నేను ఒకటి రెండు ఇళ్ళలో అడిగి చూశాను. డాన్సులాడే వాడికి పిల్లనిమ్మని అడగడానికి నీకు నోరెట్లా వచ్చిందని నన్ను తిట్టారు. తిట్లు తిన్నది నేను కాబట్టి ఆ ప్రయత్నం అంతటితో మానేశాను.

ఇక పెళ్ళి డాన్సుల సంగతి. మా చిన్నతనంలో పెళ్ళిలో డాన్స్ అంటే ఊరేగింపులో బ్యాండు ముందు తాగిన బావమరదులు వేసేదే. మర్యాదస్తులు పక్కకు తప్పుకునేవారు. రెండువేల సంవత్సరం దాటాక బెంగళూరు చుట్టాలు వచ్చి ఆ మర్యాదను కాస్తా మార్చేశారు. రిసెప్షన్‌లో ఇంటిల్లిపాదీ స్టేజీ ఎక్కి ఆడాలన్నారు. మొదట పిలిచింది పుంగనూరులో బెల్లం వ్యాపారం చేసే ఒక ఇంటివాళ్ళు. అత్తలు, మామలు, ఆఖరికి ఆ ఇంటి పెద్దావిడ చిన్నమ్మ జేజి కూడా ఆడాలట. నాకైతే ఒళ్ళు మండింది. పెళ్ళంటే భోజనం పెట్టి పంపాలిగాని, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి ఇదేం శిక్ష అనుకున్నాను. అయినా మైక్ సెట్ నాదే కాబట్టి టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని వెంట వెళ్ళాను.

కిషోర్ పని మొదలుపెట్టే తీరు వేరు. ముందు పాట పెట్టనిచ్చేవాడు కాదు. అందరినీ హాల్లో ఊరికే అటూ ఇటూ నడవమనేవాడు. ఎవరు ఎవరి పక్కకు పోకుండా తప్పించుకుని నడుస్తున్నారో ఒక మూల నిలబడి చూసేవాడు. దాంతోనే ఆ ఇంట్లో మాటలు లేనివాళ్ళెవరో తెలిసిపోయేది. వాళ్ళిద్దరినీ పక్కపక్కన పెట్టకుండా, అట్లాగని దూరంగానూ పెట్టకుండా, ఒక మలుపులో ఎదురుపడేట్టు వరస కట్టేవాడు. మోకాళ్ళ నొప్పుల చిన్నమ్మ జేజికి కుర్చీలో కూర్చునే చప్పట్లు కొట్టే స్టెప్ పెట్టాడు. ఆమె అందరికంటే ముందు నేర్చుకుని, తప్పు చేసిన కోడళ్ళను కసరడం మొదలుపెట్టింది.

చిక్కు వచ్చింది పెద్దల్లుడితో. ఆయనది హుబ్లీలో వ్యాపారం, రిసెప్షన్ రోజుకుగాని రాడు. వరసలో ఆయన చోటు ఖాళీగా ఉంటే పెద్దకూతురు ప్రతిసారీ అటు జరిగిపోయి పక్కవాళ్ళ కాళ్ళు తొక్కుతోంది. అప్పుడు కిషోర్ భుజాన తుండుగుడ్డ వేసుకుని ఆ చోట తాను నిలబడ్డాడు. బస్సులో సీటు మీద తుండుగుడ్డ వేసి ఆపినట్లు చోటు కాశాడు. అందరూ పడీపడీ నవ్వారు.

"ఏం అల్లుడా, అత్తారింటికి వచ్చి నిలబడే ఉంటివే, కాపీ తాగినావా లేదా?" అని చిన్నమ్మ జేజి ఎకసెక్కం చేసింది.

"మీ ఇంట్లో అల్లుడికి కాపీ ఇచ్చేవాళ్ళెవరు జేజీ, అందరూ ఎగరబడితిరి," అన్నాడాయన.

ఆ రోజు నుంచి రిహార్సళ్ళు అయ్యేదాకా ఆ ఇంట్లో ఆయన అల్లుడే. అసలు అల్లుడు సూట్‌కేసుతో దిగగానే తుండుగుడ్డ తీసి పక్కకు వచ్చాడు. రిసెప్షన్‌లో కిషోర్ చోటు ఎప్పుడూ స్టేజీ కిందే. జనానికి వీపు పెట్టి, పైన ఆడేవాళ్ళకు ఎదురుగా నిలబడి, వాళ్ళు మరిచిపోకుండా అన్ని స్టెప్పులూ తాను వేసి చూపిస్తాడు. పక్కనే నేను నా మిషన్లతో. పెళ్ళి వీడియోల్లో మా ఇద్దరివీ వీపులే కనపడతాయి. నాది కాస్త వెడల్పు వీపు కాబట్టి వీడియోవాళ్ళు జరగమని తిడతారు. ఆయన్ను తిట్టే పని కూడా ఉండేది కాదు.

ఇక అక్కడి నుంచి అదే పద్ధతి అయింది. కువైట్ నుంచి రాని కొడుకు, సెలవు దొరకని బావ, పరీక్షలున్న తమ్ముడు, ఎవరు లేకపోతే వాళ్ళ చోట ఈయన. వరసలో నిలబెట్టాక ఆడవాళ్ళు కూడా బావా, అన్నా అని ఆ చోటును బట్టే పిలిచేవారు. నేను చూస్తూనే ఉన్నాను, ఆ పిలుపు వినపడితే ఆయన ముఖం విచ్చుకునేది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాళ్ళ సంగతులే చెప్పేవాడు, సొంత ఇంటి సంగతుల్లాగా. చిన్నకోడలు పస్తుంటుందట, రెండో వాడికి సంబంధాలు కుదరడం లేదట. "నీకెందుకప్పా వాళ్ళ గొడవ?" అంటే నవ్వి ఊరుకునేవాడు.

పుంగనూరు పెళ్ళయిన కొన్నాళ్ళకు, ఆ దారిన వేరే పని మీద పోతూ, ద్రాక్షపండ్లు కొనుక్కుని ఆ బెల్లం వ్యాపారి ఇంటికి పోదామన్నాడు. పోయాం. మర్యాదగానే వరండాలో కూర్చోబెట్టారు. నీళ్ళిచ్చారు. ఇంటాయన వచ్చి, "మళ్ళా ఎవురన్నా పంపించినారా మాస్టరా? ఇప్పట్లో మా ఇంట్లో పెండ్లి లేదప్పా. ఉంటే నిన్నే పిలుస్తాం, మర్సిపోము," అన్నాడు. చిన్నమ్మ జేజి పడుకుని ఉందన్నారు. పండ్లు అక్కడ పెట్టి లేచి వచ్చాం. వాళ్ళను అనడానికేముంది, డాన్స్ మాస్టర్ ఇంటికొస్తే ఎవరైనా అదే అనుకుంటారు. నాకు మాత్రం ఆ ద్రాక్షపండ్లు మేమే తినుంటే బాగుండేదనిపించింది.

కుప్పం పెళ్ళి రెండువేల ఆరులో జరిగింది. ఇనుపసామాన్ల అంగడి వెంకటప్ప శెట్టి ఒక్క కూతురు శ్రుతి. పిల్లను బెంగళూరు సంబంధానికి ఇస్తున్నారు. అక్కడే వచ్చింది గొడవ. వెంకటప్ప శెట్టి భార్య సరస్వతమ్మకు పుంగనూరులో ఒక్కడే తమ్ముడు, నారాయణస్వామి. ఆయన కొడుకు ప్రవీణ్‌కు శ్రుతిని చేసుకోవాలని పిల్లలు పుట్టినప్పటి నుంచి అనుకున్న మాట. పిల్లలిద్దరూ పెద్దయ్యాక మాకొద్దన్నారు. శ్రుతి ముందు అన్నదని, కాదు ప్రవీణే ముందు అన్నాడని రెండు ఇళ్ళలోనూ రెండు కథలు. మేనరికం కాదన్నారని నారాయణస్వామి అక్కతో మాటలు మానేశాడు. తాంబూలం పెట్టి పిలవడానికి అక్కాబావలు పోతే, తీసుకుని పక్కన పెట్టి, "సూద్దాంలే," అన్నాడట. వస్తాననలేదు, రాననలేదు.

మా తట్టు పెళ్ళిలో పిల్లను గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకొచ్చేది మేనమామే. దాన్నే రిసెప్షన్‌లో డాన్సుగా చేయాలని శ్రుతి పట్టు. మామ ఆమెను స్టేజీ మీదికి తీసుకురావాలి, ఇద్దరూ కలిసి ఆడాలి, చివర్లో మామ గంప ఎత్తినట్లు చేతులు చాచి ఒక చుట్టు తిరిగి అమ్మానాన్నల దగ్గర దింపాలి. మామ వస్తాడని ఆ పిల్ల నమ్మకం. వచ్చేదాకా ఆ చోట ఎవరు నిలబడాలి? ఉన్నాడు కదా మా మాస్టర్.

అంగడి మీది మేడ మీద రిహార్సళ్ళు. ఎదిగిన పిల్ల చెయ్యి పట్టుకోవడం బాగుండదని ఆయన తుండుగుడ్డ ఒక కొస ఆమెకిచ్చి, రెండో కొస తాను పట్టుకునేవాడు. మొదటి రోజు మాస్టర్ అంది. రెండు మూడు రోజులకు మామా అంది. ఆట కోసం అన్నది కాస్తా ఆట ఆగాక కూడా అనడం మొదలైంది. "మామా, ఈ చీరకు ఈ గాజులు సరిపోతాయా?" "మామా, మా నాయనకు నువ్వన్నా చెప్పు." ఆయన పిల్ల తరఫున వెంకటప్ప శెట్టితో వాదించాడు కూడా. ఆ ఇంట్లో మామ చేయాల్సిన పనే అది.

ఒకరోజు ఇంకోటి జరిగింది. ఆయన కిటికీ దగ్గర నిలబడి రైలు పోవడం చూస్తున్నాడు. సరస్వతమ్మ కాఫీ తెచ్చి వెనక నుంచి, "రేయ్ నారాయణా, కాపీ సల్లారిపోతాండాది, యాల అట్ల నిలబడుకోని ఉండావు?" అంది. అని నాలుక కరుచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాడూ అంతేనప్పా. ఈడికి వస్తే ఆ కిటికీ కాడే నిలబడేది," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఆ కాఫీ చాలాసేపు తాగకుండా పట్టుకునే ఉన్నాడు. మరునాటి నుంచి ఆమెను అక్కా అనడం మొదలుపెట్టాడు.

రిసెప్షన్ దగ్గర పడే కొద్దీ ఆ ఇంట్లో అందరికీ ఒకటే ఆదుర్దా. ఫోన్ మోగితే చాలు, పుంగనూరు నుంచేనా అని పరిగెత్తేవారు. శ్రుతి దేవుడికి మొక్కుకుంది. కుప్పం బజారులో ఒకరోజు కిషోర్ నన్ను బట్టల అంగడికి తీసుకుపోయి, జరీ అంచు పంచె ఒకటి, లేత గోధుమరంగు చొక్కా ఒకటి కొన్నాడు. ప్యాంటు తప్ప వేరేది వేసిన మనిషి కాదు.

"ఇదెందుకప్పా?" అన్నాను.

అంగడి మెట్లు దిగాక చెప్పాడు. "నీతో కాక ఎవురితో చెప్పుకోవాల గోవిందప్పా. ఆయన రాకుంటే బాగుండునని ఉండాది నాకు. ఆ ఇల్లంతా ఆయన రావాలని సూస్తాండాది. నేనొక్కణ్ణే రాకూడదని కోరుకుంటాండాను. ఒక్క పాట, గోవిందప్పా. అంతే. ఒక్క పాటకు ఆ పిల్ల అందరి ముందర నన్ను మామా అని పైకి తోడుకోని పోతే సాలు. నేను ఎవురికి మామను? మా నాయనకు ఆడబిడ్డలే పుట్టలేదు కదా."

ఇది మంచి కోరిక కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ క్షణంలో నేనూ ఆ నారాయణస్వామి రాకుండా ఉంటే బాగుండునని అనుకున్నాను.

మా తట్టు ముహూర్తానికి ముందురోజు సాయంత్రమే రిసెప్షన్ పెడతారు. కల్యాణమండపం నిండిపోయింది. తమిళం మాట్లాడేవాళ్ళు, కన్నడం మాట్లాడేవాళ్ళు, తెలుగు మాట్లాడేవాళ్ళు, అందరూ కలిసి అరుచుకుంటూ. చిన్న పిల్లల డాన్స్ అయింది, పిన్నమ్మల డాన్స్ అయింది. నారాయణస్వామి రాలేదు. వాళ్ళ ఇంటి నుంచి ఎవరూ రాలేదు. మామ పాట వంతు వచ్చేసరికి కిషోర్ పంచె కట్టుకుని, తల దువ్వుకుని, స్టేజీ పక్కన మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నిజం చెప్తున్నాను, ఆ బట్టల్లో మంచి పెద్దమనిషిలాగా ఉన్నాడు.

సరస్వతమ్మ వచ్చింది. ఆయన్ను కింది నుంచి పైదాకా చూసింది. అర్థమైంది ఆమెకు.

"నారాయణస్వామి అన్న రాలేదు కదక్కా. పాట ఆగిపోకుండా నేను నిలబడదామని," అన్నాడు.

ఆమె మెల్లగా అంది. "వద్దప్పా. కోపం సేసుకోవద్దు. మామ బతికుండంగా ఆ చోట ఇంగొకరిని నిలబెట్టేది మాలో లేదు. మామ లేకుండా పోయినోళ్ళే వరసకు ఎవురినన్నా ఎతుక్కునేది. నా తమ్ముడు పుంగనూర్లో నిండుగా ఉండాడు. వాని చోట నిన్ను నిలబెడితే, నా నోటితో నేనే వాడు లేడని సెప్పినట్లు కాదా? అది ఖాళీగానే ఉండనీ. సూసేవోళ్ళు సూడనీ."

"పాప ఒక్కతే ఎట్ల ఆడుతాదమ్మా?" అని నేను అడ్డం వచ్చాను.

"మాస్టరు కింద నిలబడి సేస్తే, సూసి ఆడుతాది. ఎప్పుడూ అట్లనే కదప్పా," అంది.

"సరేమ్మా," అన్నాడు కిషోర్.

అంతవరకు అక్కా అక్కా అన్న మనిషి నోట అమ్మా అనే మాట వచ్చింది. ఆమె గమనించలేదు, గమనించే స్థితిలో లేదు. ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. నాకు అందుకే ఎక్కువ కోపం వచ్చింది. తప్పుంటే కనీసం ఇంటికి పోయేదాకా తిట్టుకోవచ్చు.

పాట వేశాను. శ్రుతి ఒక్కతే మెట్లెక్కింది. పక్కన మనిషి ఉన్నట్లే చెయ్యి చాచి, ఆ చెయ్యి అట్లాగే పట్టుకుని నడిచింది. మొదట జనంలో ఎవరో నవ్వారు. తరువాత ముసలివాళ్ళు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు, అది ఎవరి చోటో. మండపం సద్దు మణిగింది. నా పక్కన, స్టేజీ కింద, కిషోర్ ఆ జరీ పంచెతో, జనానికి వీపు పెట్టి, మామ వేయాల్సిన ప్రతి స్టెప్పూ వేస్తున్నాడు. ఆ పిల్ల కళ్ళు ఆయన మీద నుంచి కదలలేదు. చివర్లో గంప ఎత్తినట్లు ఆయన చేతులు చాచి ఒక చుట్టు తిరిగాడు. పైన ఆమె ఒంటరిగా ఒక చుట్టు తిరిగి అమ్మ దగ్గర ఆగి బోరున ఏడ్చింది. మండపంలో ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. వీడియోవాడు నన్ను జరగమన్నాడు.

ఎవరు ఫోన్ చేసి చెప్పారో ఇప్పటికీ తెలియదు. తెల్లవారేసరికి నారాయణస్వామి కారులో వచ్చి మండపం ముందు దిగాడు. తన చోటు ఖాళీగా పెట్టి ఆడించారని విన్నాడట, ఉండబట్టలేకపోయాడు. అక్కాతమ్ముళ్ళు గుమ్మంలోనే పట్టుకుని ఏడ్చారు. ముహూర్తానికి ఆయనే గంప ఎత్తాడు. బరువుకు ముఖం ఎర్రబడినా దింపలేదు.

మేము టిఫిన్ దగ్గర ఉంటే శ్రుతి చెప్పిందేమో, ఆయనే వెతుక్కుంటూ వచ్చి కిషోర్ భుజం మీద చెయ్యి వేశాడు. మంచి మనిషి. గొంతు పెద్దది. "నువ్వేనంటనే ఇన్ని దినాలు నా చోటు కాసింది. పిల్ల నిన్నే మామా అంటాండెనంట. ఇంగ నేను వచ్చినాలేప్పా," అని గట్టిగా నవ్వాడు. "నీకెంతమంది మేనకోడండ్లు?"

"ఎవరూ లేరన్నా. మాకు ఆడబిడ్డలు లేరు," అన్నాడు కిషోర్.

అయ్యో అని ఆయన ఇడ్లీ వైపు తిరిగాడు.

మధ్యాహ్నం బట్టలు పెట్టారు. మేనమామకు పట్టుపంచె, పట్టుచొక్కా. పని చేసినవాళ్ళకు వేరే పేర్చి పెట్టిన వాటిలోంచి, వంటవాళ్ళకు, మేళంవాళ్ళకు, మాకు. కిషోర్‌కు ఒక తెల్ల చొక్కా గుడ్డ ఇచ్చారు. నాకూ అదే గుడ్డ ఇచ్చారు. సరస్వతమ్మ స్వయంగా పసుపు కుంకుమ పెట్టి ఇచ్చింది. సంతోషంతో ఆమె ముఖం వెలిగిపోతోంది. మీ చేతి చలువేనప్పా అంది. నిజమే, ఆయన చేతి చలువే.

బస్సు వి.కోట దాటింది. అప్పుడు కిషోర్, "నేను కోరుకున్నట్లు జరగలేదు, మంచిదే. జరిగుంటే ఆ అక్కాతమ్ముండ్లు మళ్ళా కలిసేటోళ్ళు కాదు," అన్నాడు. నేను ఊఁ అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి, పుంగనూరు వచ్చేదాకా తిరిగే ఉన్నాడు.

ఆ పెళ్ళి తరువాత ఆయన రానివాళ్ళ చోట నిలబడడం మానేశాడు. ఎవరైనా లేకపోతే ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి ఆ చోట వేయించేవాడు. అల్లుడు రాలేదా, కుర్చీ. బావ రాలేదా, కుర్చీ. మాస్టరా, మీరే కాసేపు నిలబడండి అని ఆడవాళ్ళు బతిమాలితే, "కుర్చీ ఉండాది కదమ్మా," అనేవాడు. నేర్పడంలో తేడా లేదు, పేరూ తగ్గలేదు. బస్సులో ఇళ్ళ కబుర్లు చెప్పడం మాత్రం ఆగిపోయింది. నాకు ఆ కబుర్లంటే విసుగని చెప్పాను కదా. లేకపోయేసరికి దారి పొడుగ్గా అనిపించేది.

రెండువేల తొమ్మిదిలో నా కూతురు భారతి పెళ్ళి. అల్లుడు పక్కనే ఉన్న అంగళ్లు ఊరి ఇంజనీరింగ్ కాలేజీలో పని చేస్తాడు. పెళ్ళి డాన్సులంటే ఒళ్ళు మండే నేను, నా కూతురు అడిగితే నోరెత్తలేకపోయాను. దానికీ మామతో డాన్స్ కావాలి. నా భార్య మునిలక్ష్మమ్మకు ఉన్న ఒక్క తమ్ముడూ చిన్నప్పుడే పోయాడు. గంప ఎత్తడానికి వాళ్ళ తట్టు పెద్దాయన ఒకరిని మాట్లాడాం, ఆయన నడవడమే ఎక్కువ. డాన్సుకు మాత్రం మాకు వేరే ఆలోచనే రాలేదు. రిహార్సల్‌కు వచ్చిన కిషోర్ అలవాటు ప్రకారం మామ చోట కుర్చీ వేయించబోతే మునిలక్ష్మమ్మ అడ్డం వచ్చింది.

"కుర్చీ ఎందుకన్నా? మాకు మామ లేడు. లేనోళ్ళకు వరసకు ఎవురో ఒకరు ఉండాల కదా. నువ్వే మామవి. రిహార్సలుకు కాదు, ఆ దినం పైకే ఎక్కాల నువ్వు."

"రా మామా," అంది భారతి.

ఆయన నవ్వాడు. కుర్చీ పట్టుకునే నిలబడి మునిలక్ష్మమ్మతో అన్నాడు. "మీ పెదనాయన కొడుకులు ఉండారు కదమ్మా. ఎవురన్నా వస్తారులే."

"ఎవురూ రారన్నా. నేను సెప్తాండాను కదా."

"వస్తే?" అన్నాడు. "వచ్చినాక దిగమంటే, ఇంగోసారి దిగేది నాతో కాదమ్మా."

నేను ఎన్నో చెప్పాను. తిట్టాను కూడా. నా కూతురి పెళ్ళిలో నిన్ను దింపేదెవడురా అన్నాను. ఆయన తల ఊపుతూ విన్నాడు, కుర్చీ వేశాడు.

రిసెప్షన్ నాడు మునిలక్ష్మమ్మ చెప్పినట్లే ఎవరూ రాలేదు. స్టేజీ మీద మామ చోట కుర్చీ ఉంది. కింద, తన ఎప్పటి చోట, జనానికి వీపు పెట్టి కిషోర్ ఉన్నాడు. భారతి కుర్చీ చుట్టూ బాగానే ఆడింది. పాట చివరికి వచ్చేసరికి దానికి ఏం తోచిందో, నేర్పింది వదిలేసి స్టేజీ అంచుకు వచ్చి, వంగి, ఆయన వైపు చెయ్యి చాచింది. మామా అని పిలిచింది కూడా. మైకు పట్టి మండపమంతా వినపడింది. ఆయన ఒక్క క్షణం ఆగాడు. తరువాత అది కూడా ఒక స్టెప్పే అన్నట్లు, తానూ చెయ్యి చాచి దానికి చూపించి, తాళం తప్పకుండా ఒక అడుగు వెనక్కు వేశాడు. జనం అది డాన్సులోదే అనుకుని చప్పట్లు కొట్టారు.

పాట అయిపోయాక ఆయనే పైకెక్కి ఆ కుర్చీ తీసుకొచ్చి, భోజనాల దగ్గర మిగతా కుర్చీల్లో కలిపేశాడు.